మేలుమలై ఎక్కని బండి

వేప్పనపల్లి
1997 జూన్

రంజితా,

నిన్న హాస్టల్ గేటు దగ్గర నువ్వు ఎంతసేపు నిలబడ్డావో అని ఇప్పటికీ అదే ఆలోచన. రాలేకపోయాను. కోపం తెచ్చుకునే ముందు ఏం జరిగిందో విను.

పొద్దున్నే గొర్రెలను అమ్మకు అప్పగించి బయలుదేరాను. నీకోసం అమ్మ నిమ్మకాయ ఊరగాయ డబ్బాలో పెట్టి, పాత గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. కురుబరపల్లి దాకా బండి బాగానే వచ్చింది. హైవే ఎక్కి, మేలుమలై కొండ ఎగువ మొదలయ్యేసరికి దాని గుణం మారింది. యాక్సిలరేటరు ఎంత తిప్పినా ఇంజను గొంతు చించుకుంటోందే తప్ప చక్రం కదలనంటోంది. గేరు తగ్గించాను. ఇంకా తగ్గించాను. అంతే. పైగా కాలిన వాసన. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. దిగి తోశాను.

సగం కొండలో ఒక లారీ డ్రైవరు టైరు మార్చుకుంటున్నాడు. వాసన పట్టగానే అన్నాడు: "క్లచ్ ప్లేట్లు అరిగిపోయినాయప్పా. ఇంజనుకీ చక్రానికీ పట్టు లేదు. నువ్వెంత తిప్పినా ఎగువ ఎక్కదు. దిగువకైతే పోతుంది, తిప్పుకో."

తిప్పుకున్నాను. ఊరగాయ మూట మళ్లీ ఇంటికే వచ్చింది. అమ్మ దాన్ని తీసుకుపోయి అటక మీద పెట్టింది.

కృష్ణగిరిలో మెకానిక్ దగ్గరికి పోతే వాడి షెడ్డు ముందు మామిడికాయల టెంపోలే వరసగా ఉన్నాయి. సీజను అయ్యేదాకా ముట్టుకోనన్నాడు. అందుకని నేనే ఇంట్లో విప్పుదామనుకుంటున్నాను. బావి మోటారు విప్పినవాణ్ణి, ఇది ఎంత?

పోయిన ఏడాది పెళ్లయిన కొత్తలో ఈ బండి మీదే నిన్ను కృష్ణగిరి ఐటీఐకి దింపేవాణ్ణి. ఆ చదువే నిన్ను హోసూరు కంపెనీకి తీసుకుపోయింది. ఏడాది ట్రైనింగే కదా, దసరాకు వచ్చేస్తుందిలే అని అమ్మను ఒప్పించింది కూడా నేనే. ఎవరిని అనేది?

నీ
ఈరప్ప


హోసూరు
1997 జూన్

మామా,

కోపం వచ్చింది, దాచను. ఆకుపచ్చ చీర కట్టుకుని నిలబడ్డాను. నా గదిలో ఉండే చైత్ర వాళ్ల అన్న ధర్మపురి నుంచి వచ్చి, మాట్లాడి, అన్నం తిని, వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. చివరికి వాచ్‌మన్ అశ్వత్థప్ప తన కుర్చీ ఇచ్చాడు. "కూర్చోమ్మా, వచ్చేవాళ్లు కూర్చున్నా వస్తారు" అన్నాడు. కూర్చున్నాక ఇంకా ఏడుపు వచ్చింది.

నీ ఉత్తరం చదివాక మాత్రం నవ్వాను. చైత్ర ఏమైందే అంటే చెప్పలేకపోయాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసే పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా. లోహపు చక్రాలు వస్తాయి, మధ్యలో ఖాళీ, గాజుల్లాగా. వాటికి రెండు వైపులా కార్కు ముక్కలు జిగురుతో అతికించి, వేడి ప్రెస్సులో పెట్టి తీస్తాం. అవే క్లచ్ ప్లేట్లు. ఆ కార్కు అరిగిపోయే నీ బండి నా దగ్గరికి రాలేదు.

మా సూపర్‌వైజర్ ఈశ్వరప్రసాద్ సార్‌ను అడిగాను. భోజనాల వేళ ఒక పాత క్లచ్ బల్ల మీద పెట్టి నా చేతనే విప్పించి, మళ్లీ బిగింపించారు. "విప్పేది ఎవురైనా విప్పుతారమ్మా, వరస మరవకుండా పెట్టేదే పని" అన్నారు. కాబట్టి జాగ్రత్తగా చదువు. బండిని ఎడమ పక్కకు గోడకు వాల్చు, ఆయిలు కారదు. కిక్ రాడ్డు తీసి, కుడివైపు మూత విప్పు. స్ప్రింగుల బోల్టులు ఒకటే పూర్తిగా విప్పకు, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. లోపల ఒక కార్కు ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, మళ్లీ కార్కు, అలా ఉంటాయి. స్టీలువి అద్దం మీద పెట్టి చూడు, వంకర ఉంటే పనికిరావు. కొత్త కార్కు ప్లేట్లు ముందురోజే ఇంజన్ ఆయిల్లో నానబెట్టాలి. ఎండువి వేస్తే మాడిపోతాయి.

మన ఊరి గుర్రప్ప టమాటాల టెంపోలో ప్లేట్లు పంపిస్తున్నాను. వాటిలో ఏది నా చేతి మీదుగా పోయిందో చెప్పలేను, టేబుల్ చుట్టూ చాలామందిమి. కానీ ఆ సైజు ప్లేట్లు ఆ వారం మా టేబుల్ మీదే తయారయ్యాయి.

ఇంకో సంగతి ఉంది. అది కాగితం మీద వద్దు. నువ్వు వచ్చినప్పుడు చెబుతాను.

నీ
రంజిత


వేప్పనపల్లి
1997 జూలై

రంజితా,

టమాటా బుట్టల మధ్యలోంచి గుర్రప్ప కట్ట తీసి ఇచ్చాడు. ఇంట్లోకి తీసుకుపోయి విప్పాను. ఒక వాసన వచ్చింది. ఉగాదికి నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు నీ జడలో ఉన్నది ఇదే వాసన. అప్పుడు ఏదో కొత్త తలనూనె అనుకున్నాను. జిగురా! కాసేపు ఆ ప్లేట్లు పట్టుకునే కూర్చున్నాను. "ఏమిరా, దేవుని పటం మాదిరి చూస్తా ఉండావు?" అని అమ్మ అడిగేదాకా.

నువ్వు రాసినట్టే చేశాను. బండిని దొడ్డి గోడకు వాల్చాను. మూత స్క్రూ ఒకటి రానంది, ఉలి పెట్టి తట్టితే వచ్చింది. పాత ప్లేట్లు బయటికి తీస్తే కార్కు నల్లగా, గాజులాగా నున్నగా ఉంది. స్టీలు ప్లేట్లు చూడటానికి గోడమీద నీ అద్దం తీశాను. ఒక్కోటి దానిమీద పెట్టి చూశాను. అన్నీ చదునుగానే ఉన్నాయి. తర్వాత అద్దంలో నా ముఖం కనబడింది, గడ్డం, గ్రీజు. నువ్వు చూస్తే గుర్తుపట్టవు.

కొత్త ప్లేట్లు నానబెట్టడానికి వెడల్పాటి గిన్నె కావాలి. చేతికి దొరికింది తీసుకున్నాను. అమ్మ చూసి అరిచింది: "సంగటి గిన్నెలో ఆయిలు పోసినావేమిరా! నీ పెండ్లాం వచ్చినాక ఆ బిడ్డ దేంట్లో తింటుంది?" ఆ తర్వాత అమ్మ గిన్నె గురించి మాట్లాడలేదు.

మర్నాడు అన్నీ వరసగా పెట్టి బిగించాను. ఆయిలు కారకుండా కొత్త గ్యాస్కెట్టు వేసి మూత మూశాను. కిక్ కొడితే ఒక్క దెబ్బకు ఇంజను లేచింది. క్లచ్ పట్టుకుని గేరు వేశాను. పట్టుకున్నా పట్టుకోనట్టే ఉంది. బండి ఒక్క గెంతు గెంతి పోయి ఎరువు దిబ్బలో దూరింది. గొర్రెలన్నీ చెల్లాచెదరు. అమ్మ నవ్వింది. నువ్వు పోయాక అంత నవ్వు ఆమె ముఖంలో చూడలేదు, అందుకని దెబ్బ తగిలినా బాగుంది.

ఏం తప్పు చేశాను? సార్‌ను అడుగు. ఆ కాగితం మీద వద్దన్న సంగతి ఏమిటో అని రోజూ అనుకుంటున్నాను.

నీ
ఈరప్ప


హోసూరు
1997 జూలై

మామా,

నీ ఉత్తరంలో ఎరువు దిబ్బ దాకా సార్‌కు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. "ఒక చిన్న స్టీలు గుండు ఉంటుందమ్మా, లోపలి రాడ్డు చివర. ప్లేట్లు తీసేటప్పుడు జారి పడిపోయుంటుంది. అది లేకుంటే లివరు పట్టుకున్నా ప్లేట్లు విడవవు" అన్నారు. ఆ రోజు బల్ల మీద నేను విప్పిన క్లచ్‌కు అది లేదు, అందుకే నీకు రాయలేదు. తప్పు నాది. దొడ్డి దగ్గర మట్టిలో వెతుకు. దొరికితే ముందు గుండు, తర్వాత రాడ్డు. చివర్లో క్లచ్ కేబులు మరీ బిగించకు. లివరు మొదట్లో కొంచెం వదులుగా ఆడాలి. లేకపోతే కొత్త ప్లేట్లు కూడా జారతాయి.

ఇక్కడ రోజూ సాయంత్రం జల్లు పడుతోంది. చలికి చైత్ర రెండు దుప్పట్లు కప్పుకుంటుంది. కొత్తగా ఊత్తంగరై, సామల్పట్టి వైపు నుంచి కొందరు అమ్మాయిలు చేరారు. వాళ్లకు పని నేర్పమని నాకు అప్పగించారు. మొదటి రోజు నోరు పెగల్లేదు. ఇప్పుడు కొంచెం పరవాలేదు. ఆదివారాల్లో కూడా "అక్కా, ఇది ఎట్లా?" అని వచ్చి చుట్టూ కూర్చుంటారు. అరవంలో ఒకతె అడుగుతుంది, కన్నడంలో ఇంకొకతె. నేను మూడు భాషలూ కలిపి చెబుతాను.

బండి కుదిరిన వెంటనే రా. నాకు ముందుగా రాయాల్సిన పని కూడా లేదు. ప్రతి ఆదివారం ఇక్కడే ఉంటాను. నీకు ఏం చూపించాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాను. రామనాయకన్ చెరువు గట్టు, కొండమీద గుడి, నేను దోసె తినే అంగడి. అవేవీ చూడకపోయినా సరే. ఒకచోట కూర్చుని నువ్వు ఊరి సంగతులు చెబుతూ ఉంటే చాలు.

నీ
రంజిత


వేప్పనపల్లి
1997 ఆగస్టు

రంజితకు,

గుండు దొరికింది. అమ్మ దొడ్డి మట్టినంతా జల్లెడ పట్టింది. నువ్వు చెప్పినట్టే మళ్లీ బిగించాను.

ఆదివారం బయలుదేరాను. మేలుమలై దగ్గర మళ్లీ జారింది. వెనక్కి వచ్చేశాను. పాత బండి, ఏం చేసినా ఇంతేనేమో.

ఇకమీద ఆదివారాలు నాకోసం కాచుకోవద్దు. నీ పని నువ్వు చూసుకో. దసరా తర్వాత సంగతి నీకు ఎట్లా తోస్తే అట్లా చెయ్యి.

అమ్మకు మోకాలు కొంచెం నొప్పి. అంతకు మించి ఏమీ లేదు.

ఈరప్ప


హోసూరు
1997 ఆగస్టు

మామా,

నీ ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్లీ తీసి చదివాను. చివర "నీ" అని లేదు. వట్టి ఈరప్ప. ఆ పేరుతో నాకు ఎవరు రాశారో తెలియలేదు.

కొత్త ప్లేట్లు, నానబెట్టినవి, గుండు దాని చోట్లో ఉన్నది, కేబులు వదులుగా ఉన్నది. అవి జారవు మామా. జారితే మాడిన వాసన వస్తుంది. పోయినసారి వాసన గురించి, బస్సుల్లో జనం గురించి, లారీ డ్రైవరు గురించి ఎంత రాశావు! ఈసారి ఒక్క ముక్క. అప్పుడే అనుమానం వచ్చింది.

నిన్న పని అయ్యాక హాస్టల్ ఎదురుగా ఉన్న మంజులమ్మ టీ అంగడికి పోయాను. ఆమె నన్ను చూసి లోపలికి పోయి ఒక మూట తెచ్చింది. "మొన్న ఆదివారం ఒకాయన బండి మీద వచ్చినాడమ్మా. మీ పక్క మాటే. టీ చెప్పినాడు, తాగనే లేదు. నువ్వు ఆ మైదానంలో పిల్లోళ్లతో కూర్చోనుంటే నీ పక్కే చూస్తా ఉన్నాడు. పిలుద్దామా అప్పా అంటే వద్దన్నాడు. పోతా పోతా ఇది ఈడ పెట్టిపోయినాడు. ఎవురికని చెప్పలా" అంది.

విప్పాల్సిన పని లేకపోయింది. అత్త ముడి నాకు తెలియదా?

నువ్వు వచ్చావు. రోడ్డు అవతలిదాకా వచ్చావు. నీ మాట వినడానికి నేను ఇక్కడ ఎలా ఉంటున్నానో నీకు తెలుసు. మరి ఏం చూసి వెనక్కి పోయావు? నేనేం తప్పుగా కనబడ్డాను? ఊరగాయతో అన్నం తింటూ సగంలో లేచిపోయాను. చైత్ర ఘాటుకనుకుంది.

దాచకుండా రాయి.

నీ
రంజిత


వేప్పనపల్లి
1997 ఆగస్టు

రంజితా,

నువ్వు ఏ తప్పూ చేయలేదు. అది ముందు చెప్పాలి.

ఆ వారం అమ్మ దొడ్డి గడప దగ్గర జారి పడింది. మోకాలు వాచింది. గొర్రెల వెంట పోలేదు, సంగటి గెలకలేదు. శనివారం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఈరప్పా, బండి బాగైంది కదా. రేపు పోయి పిల్లను పిలుచుకొని రా. ట్రైనింగు ఇంక చాల్లే అను" అంది. సరేనన్నాను. నాకు మాత్రం వద్దా? నిన్ను వెనక కూర్చోబెట్టుకుని తిరిగి రావడం తప్ప ఇంకేం కావాలి నాకు?

బండి అద్భుతంగా పోయింది. మేలుమలై వచ్చిందో లేదో కూడా తెలియలేదు, మూడో గేరులోనే ఎక్కేసింది. శూళగిరి దాటేదాకా నీతో ఎలా అనాలా అని మాటలు వరస పెట్టుకుంటూనే వచ్చాను. అమ్మ మోకాలు ముందు చెప్పాలి, తర్వాత నా సంగతి, తర్వాత ఇంటికి పోదాం పద అని.

టీ అంగడి దగ్గర బండి ఆపాను. నువ్వు గడ్డిలో కూర్చుని ఉన్నావు. చుట్టూ అమ్మాయిలు. నీ చేతిలో క్లచ్ ప్లేటు ఉంది. ఒకతె ఏదో అడిగింది, నువ్వు అరవంలో చెప్పావు. ఇంకొకతె ఏదో అంది. అప్పుడు నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వావు. రంజితా, చిన్నప్పుడు మీ నాన్న మామిడితోపులో అలా నవ్వేదానివి. మా ఇంటికి కోడలిగా వచ్చాక ఆ నవ్వు నేను వినలేదు. వినలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

నిన్ను కలిస్తే ఆ మాటలు అనాలి. అమ్మకు మాటిచ్చి వచ్చాను. నేను అడిగితే నువ్వు లేచి, గడ్డి దులుపుకుని, పెట్టె సర్దుకుని వచ్చేస్తావు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పవు. నాకు అదే భయమైంది. నువ్వు రావేమోనని కాదు.

కలవకుండా వచ్చేశాను. అమ్మకు కూడా బండి జారిందనే చెప్పాను. నీకు అబద్ధం రాసి, దాన్ని డబ్బాలో వేశాక పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

నువ్వు అక్కడ ఉండాలని ఉంది. ఇక్కడ కూడా ఉండాలని ఉంది. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియడం లేదు.

నీ
ఈరప్ప


హోసూరు
1997 సెప్టెంబరు

మామా,

నీ ఉత్తరానికి ఏం రాయాలో తెలియక కాగితం ముందు పెట్టుకుని ఉండగానే ఆదివారం అశ్వత్థప్ప వచ్చి, "అమ్మా, మీవాళ్లు" అన్నాడు. మీవాడు అనలేదు, మీవాళ్లు అన్నాడు. బయటికి వస్తే నీ వెనక అత్త. తలకు తువ్వాలు చుట్టుకుని, నీ చొక్కా రెండు చేతులా పట్టుకుని, ముఖమంతా దుమ్ము. ఆమె కృష్ణగిరి సంత దాటి ఎప్పుడూ రాలేదు కదా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

నువ్వు టీ తేవడానికి పోయినప్పుడు అత్త నాతో మాట్లాడిన మాటలు నీకు తెలియాలి. ఆమె నీకు చెప్పదు, అందుకని రాస్తున్నాను.

"బండి మళ్లా చెడిపోయిందన్నాడు మే. చెడిపోయుంటే వాడు మళ్లా విప్పకుండా ఉంటాడా? విప్పలా. బండి జోలికే పోలా. మూలన కూర్చోని గొర్రెల పక్క చూస్తా ఉన్నాడు. ఏమిరా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పినాడు" అంది.

తర్వాత తలకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుంది. "నిన్ను పిలుచుకొని రమ్మన్నది నేనే. మోకాలు నొప్పి ఒకటి, ఇంట్లో నువ్వు లేకుండా తోచక ఒకటి. నువ్వు నా అన్న కూతురివి, నువ్వు పుట్టినప్పుడు ఎత్తుకున్నది నేనే. నాకు ఆశ ఉండదా?" అంది.

అప్పుడు నేను ఇన్నాళ్లూ కాగితం మీద పెట్టని సంగతి ఆమెకు చెప్పేశాను. ఆ సాయంత్రం చెరువు గట్టు మీద నీకు చెప్పింది అదే. అక్కడ సగమే చెప్పగలిగాను, మిగిలిన సగం ఇప్పుడు విను. నన్ను పర్మనెంటు చేస్తామని జూన్‌లోనే అన్నారు. ఆగస్టులో సంతకం పెట్టమన్నారు. నువ్వు వచ్చి, ఉండమనో రమ్మనో అంటావని ఆగాను. రమ్మని ఉంటే పెట్టేదాన్ని కాదు. నువ్వు అడగలేదు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని రాశావు. ఆ కోపంలో పోయి పెట్టేశాను. తర్వాత అసలు సంగతి రాసిన నీ ఉత్తరం వచ్చింది. కోపం పోయింది, సంతకం ఉంది. కంపెనీవాళ్లు మళ్లీ సంతకం అడిగినా ఈసారి కోపం లేకుండానే పెడతాను అనుకుంటున్నాను. అది నీకు చెప్పడానికే ఇంత కష్టం.

అత్త వింటూ నా చెయ్యి తన ఒడిలోకి లాక్కుంది. వేళ్ల మీద ఎండిన జిగురు గోటితో గీకి చూసింది. "ఇది పోదా?"

"పోదత్తా. నూనె రాస్తే కొంచెం మెత్తబడుతుంది."

"ఈసారి వచ్చేటప్పుడు ఆముదం తెస్తాను" అంది. అంతే. పెట్టినందుకు తిట్టలేదు, మంచిదనీ అనలేదు. ఈసారి అని మాత్రం అంది.

దసరాకు వారం రోజులు వస్తాను. ఆ తర్వాత మళ్లీ నువ్వు అక్కడ, నేను ఇక్కడ. గొర్రెలను విడిచి నువ్వు రాలేవు, రమ్మని నేను అడగను. ఆదివారాలు ఉన్నాయి. ఆదివారాలు చాలవని నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా చెరువు గట్టు మీద నువ్వు, అటు పక్క అత్త వేరుశనక్కాయలు ఒలుస్తూ, ముగ్గురం కూర్చున్నాం చూడు, నిన్నంతా పని చేస్తూ నాకు అదే కనబడింది.

మీరు బయలుదేరాక లోపలికి పోలేదు. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది గానీ చప్పుడు వినబడుతూనే ఉంది. అన్ని బండ్లలో మన బండి గొంతు నాకు తెలుసు. నువ్వు క్లచ్ పట్టుకున్నప్పుడు చప్పుడు ఒక్క క్షణం ఆగినట్టయి మళ్లీ అందుకుంటుంది. రెండో గేరు వేశావు. విన్నాను. మూడోది వేశావు, అదీ విన్నాను. అంతలో బెంగళూరు వైపు నుంచి లారీలు వరసగా వచ్చాయి. అవన్నీ పోయేదాకా నిలబడ్డాను. తర్వాత రోడ్డు మీద ఏ చప్పుడూ లేదు.

నాలుగో గేరు ఎక్కడ వేశావు మామా?

నీ
రంజిత